అందిందని చెప్పని ఓబుళమ్మ

అనగా అనగా ఒక మెట్టసీమ ఉండేది. అక్కడ ఏరు లేదు, కాలువ లేదు. పైనుంచి వాన పడితేనే పంట.

వరసగా రెండేళ్లు వాన మొహం చాటేసింది. రైతులు విత్తనాలకని దాచుకున్న గింజలు కూడా వండుకు తినేశారు. ఆ సంగతి రాజుగారి చెవిన పడింది. "సేద్యం చేసే ప్రతి ఇంటికీ మన ధాన్యాగారం నుంచి జొన్న విత్తనాలు ఊరికే ఇవ్వండి" అని ఆయన ఆజ్ఞ ఇచ్చారు.

ఆ సీమలో ఓబుళమ్మ అనే ఆమె ఉండేది. భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని, శేషప్ప చేను కౌలుకు దున్నుకుని బతికేది. శేషప్ప పట్నంలో బట్టల వర్తకుడు. తన చేను ఏ దిక్కున ఉందో కూడా ఆయన మరిచిపోయాడు.

మూడో ఏడు వాన పడింది. ఓబుళమ్మ చేను దున్ని, ధాన్యాగారానికి నడిచివెళ్లింది.

"చేను ఎవరి పేరున ఉందమ్మా?" అని అడిగాడు అక్కడి అధికారి.

"శేషప్పగారి పేరున అయ్యా. దున్నేది నేను."

"పేరున్నవారికే ఇస్తాం. ఆయన్ని రమ్మను."

ఆమె పట్నం వెళ్లింది. శేషప్ప బట్ట కొలుస్తూ తల ఎత్తకుండానే, "సరేలే, చూద్దాం" అన్నాడు.

కొన్నాళ్లు చూసి ఆమె మళ్లీ ధాన్యాగారానికి వెళ్లింది. "శేషప్ప మనుషులు మొన్ననే బస్తాలు తీసుకెళ్లారు గదా" అన్నాడు అధికారి. తిరుగుదారిలో సంతలో అవే బస్తాలు, రాజముద్రతో సహా, అమ్మకానికి కనిపించాయి. ఓబుళమ్మకు కోపం కూడా రాలేదు. కాసేపు పక్కన కూలబడి, లేచి ఇంటిదారి పట్టింది.

మూడోసారి అధికారే ఆమెకు కబురు పంపాడు.

"రేపు రాజుగారు చూడటానికి వస్తున్నారు. విత్తనాలు అందాయని ఒక్క మాట చెప్పు. సాయంత్రానికి ఒక బస్తా నీ ఇంట్లో ఉంటుంది."

ఓబుళమ్మ చేనికి వెళ్లి పిడికెడు మట్టి తీసి చూసింది. చేలో పదును ఆరిపోతోంది. ఇంట్లో పిల్లలు పలచటి గంజితో పొద్దు గడుపుతున్నారు.

మర్నాడు రాజుగారు వచ్చారు. ముందు, ఓబుళమ్మలాగే కౌలుకు దున్నే ముసలి హనుమయ్యను విత్తనాలు అందాయా అని అడిగారు.

"అందాయి ప్రభూ" అన్నాడతను నేల చూస్తూ.

తర్వాత మరో కౌలురైతు లింగన్నను అడిగారు. అతనూ నేల చూస్తూనే, "అందాయి ప్రభూ" అన్నాడు.

ఓబుళమ్మ వంతు వచ్చింది. ఆమె నేల చూడలేదు, రాజుగారి వైపే చూసింది.

"అందలేదు ప్రభూ" అంది. "వీళ్లకీ అందలేదు."

"మరి వీళ్లెందుకు అలా చెప్పారమ్మా?"

"తిరిగి తిరిగి అలిసిపోయారు ప్రభూ. నేనూ అలిసిపోయాను. అందాయంటే బస్తా ఇస్తామన్నారు. తీసుకుంటే నా చేను మొలుస్తుంది. కానీ అందరికీ అందాయనుకుని మీరు వెళ్లిపోతారు. ఇక మా సంగతి అడిగేవారు ఉండరు."

హనుమయ్య, లింగన్న తలలెత్తారు. "ఆమె చెప్పిందే నిజం ప్రభూ" అన్నారు.

"పేరున్నవారికే ఇచ్చాను ప్రభూ" అని గొణిగాడు అధికారి.

రాజుగారు ఓబుళమ్మ వైపు తిరిగారు. "గింజలు పంపాను గానీ, చేను దున్నేదెవరో నేనూ అడగలేదు" అన్నారు. అధికారిని కొలువు నుంచి తీసేశారు. శేషప్ప అమ్ముకున్న బస్తాల వెల అతని చేతే కట్టించారు. ఇకమీదట చేలోకే వెళ్లి, దున్నే చేతికే విత్తనాలు ఇవ్వాలని ఆజ్ఞ మార్చారు.

కానీ విత్తనాల బండ్లు చేలవైపు కదిలేసరికి జొన్నకు అదును దాటిపోయింది. రాజుగారు ఉలవలు పంపించారు. ఓబుళమ్మ అవే చల్లుకుంది. ఆ ఏడు పిల్లల గంజికి అవి సరిపోయాయి, అంతే.

మరుసటి ఏడు తొలకరికి ముందే బండి ఆమె గట్టు దగ్గరికి వచ్చి ఆగింది. హనుమయ్య చేనికీ, లింగన్న చేనికీ వెళ్లింది. ఓబుళమ్మ బస్తా దించుకుని, దాని మీద కాసేపు కూర్చుని, లేచి నాగలి పట్టింది.

పిల్లలూ, అందని సాయాన్ని అందిందని మనం ఒప్పుకుంటే, అది మనకే కాదు, మన పక్కవాడికీ ఎన్నటికీ అందదు.