గడప మీద మొదటి ముక్క

పొన్నవరాన్ని ధర్మకేతుడనే రాజు ఏలే రోజుల్లో రాణి కన్నుమూసింది. ఆనాటి నుంచి రాజు కంచం ముందు కూర్చుంటాడు, లేస్తాడు, మెతుకు ముట్టడు. అలా చిక్కి చిక్కి మంచం పట్టాడు. ఆమె చెబితే తప్ప తిననని ఒకటే పట్టు.

ఏడు సముద్రాల అవతల పచ్చదీవి ఉందనీ, చలి మొదలయ్యే పండుగనాడు అక్కడివాళ్లు ఎండుపండ్ల రొట్టె కాల్చి మొదటి ముక్క గడప మీద పెడతారనీ, పోయినవాళ్లు వచ్చి ఒక్క మాట మాట్లాడి పోతారనీ మంత్రి చెప్పాడు. ఆ మాట తెస్తానని పెద్ద కొడుకు వెళ్లాడు, రాలేదు. నడిమివాడు వెళ్లాడు, రాలేదు. చివరివాడు కుశలుడు బయల్దేరాడు. ఏడు సముద్రాలూ ఎలా దాటాడని అడక్కండి. అడిగితే ఏడుసార్లు చెబుతాను.

పచ్చదీవిలో తలుపులు బిగించే రొట్టె పొయ్యిలన్నీ చల్లబడి ఉన్నాయి. కరాళుడనే మాంత్రికుడు దీవి మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క పులిసిన పిండి కుండను ఎత్తుకుపోయాడు. అది లేనిదే రొట్టె పొంగదు, రొట్టె లేనిదే పోయినవాళ్లు రారు. జనం ఏడుస్తూ ఉంటేనే వాడి ఏలుబడి సాగుతుంది మరి.

వాడి తోటలో ఒక చిలక కనబడగానే కుశలుడు దాని మెడ పట్టుకున్నాడు.

"వచ్చిన ప్రతి రాకుమారుడికీ నా మెడే కనబడుతుందేం?" అంది చిలక విసుగ్గా. "వాడి ప్రాణం నాలో లేదు నాయనా. ఆ కుండలోని నురగలో ఉంది. దాంతో పిండి కలిపి కాల్చు. వాసన గడప దాటేదాకా పొయ్యి తలుపు తెరవకు. మీ అన్నలు తెరిచారు, కుండ మళ్లీ వాడి చేతికే పోయింది. కోట వంటింట్లో పొయ్యికి అటొకటి, ఇటొకటి రాళ్లు చూశావా? వాళ్లే."

మాంత్రికుడు మధ్యాహ్నం ఆ కుండ మీదే తల పెట్టి నిద్రపోతాడట. కుశలుడు మెల్లగా కుండ లాగి గుమ్మడికాయ పెట్టాడు. వాడికి తేడా తెలియలేదు. తల అలాంటిది మరి.

పండుగనాడు కోట వంటింట్లో దీవి రాకుమార్తె వనమాలిక ఆ నురగతో పిండి కలిపింది. ఆకుల కషాయంలో నానబెట్టిన ఎండుద్రాక్ష వేసింది. కుశలుడు రెండు నోట్లో వేసుకుంటే చేతి మీద ఒకటి వేసింది. పిండిలో ఒక ఉంగరం, ఒక గుడ్డపేలిక దాచింది. ఉంగరం వచ్చినవాళ్లకు పెళ్లి, పేలిక వచ్చినవాళ్లకు లేమి అని వాళ్ల నమ్మకం.

రొట్టె పొయ్యిలోకి వెళ్లింది. కాసేపటికి లోపలి నుంచి అచ్చం అమ్మ గొంతు.

"కాలిపోతున్నాను నాన్నా. తలుపు తియ్యి. నన్ను కాపాడు."

కుశలుడి చెయ్యి గడియ మీదికి పోయింది. కళ్లు నిండిపోయాయి. అమ్మ గొంతే. కానీ అమ్మ ఏనాడైనా తన బాధ చెప్పుకోవడానికి పిలిచిందా? జ్వరంతో పడి ఉన్నప్పుడు కూడా ఆమె అడిగిన మొదటి మాట వేరు. కుశలుడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గొంతు ఏడ్చింది, తిట్టింది, చివరికి కరాళుడి గొంతై ఆరిపోయింది. కమ్మని వాసన గడప దాటింది. రాళ్లు రెండూ ఒళ్లు విరుచుకుని అన్నలయ్యాయి.

మొదటి ముక్క గడప మీద పెట్టారు. పొద్దు వాలింది. చల్లగాలి వచ్చి కుశలుడి తల నిమిరింది.

"తిన్నావా నాన్నా?"

"ఇంకా లేదమ్మా. నాన్న కూడా తినలేదు."

నిట్టూర్పు ఒకటి వినబడింది. అంతే.

తర్వాత తలా ఒక ముక్క తిన్నారు. ఉంగరం కుశలుడి ముక్కలో వచ్చింది. ముక్కలు కోసిన వనమాలిక పైకప్పు చూస్తూ నిలబడింది, తనకేమీ తెలియనట్టు.

తండ్రి వాటా ముక్క పట్టుకుని అందరూ పొన్నవరం చేరారు. "తిన్నావా అని అడిగింది నాన్నగారూ" అన్నాడు కుశలుడు.

రాజు మంచం మీద లేచి కూర్చున్నాడు. తర్వాత ముక్క కొరికాడు. గుడ్డపేలిక తగిలింది. లేమి గుర్తు ఎవరికి రావాలో వాళ్లకే వచ్చింది. రాజు దాంతోనే కళ్లు తుడుచుకుని, మిగతా ముక్క పొడి కూడా రాలకుండా తిన్నాడు.

కుశలుడికీ వనమాలికకూ పెళ్లయింది. తండ్రి తర్వాత వాళ్లు చాలా కాలం ఏలారు. వాళ్ల గుమ్మంలోకి ఎవరు వచ్చినా, ఏ పని మీద వచ్చావని అడగడం రెండో మాటే.

కథ కంచికి బయల్దేరింది. పోతూ పోతూ వెనక్కి తిరిగి అడుగుతోంది, మీరు తిన్నారా అని.