బుడిగి నాలుక

అనగనగా అన్నానంటే జోకొట్టే కథ అనుకుంటారేమో, కాదర్రా. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. కాస్త దగ్గరికొచ్చి కూర్చోండి.

అనగనగా ఒక అడవిలో పొలుసమ్మ అనే అలుగు ఉండేది. అలుగంటే తెలుసుగా? ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు, పళ్ళు లేని బోసినోరు, మూరెడు నాలుక. చీమలూ చెదలూ తిని బతుకుతుంది. పాపం, దానికి చూపు సరిగా ఆనదు. అందుకని ఏ వస్తువునైనా నాలుక తాకించి తెలుసుకుంటుంది. పెద్దవాళ్ళు ఏదైనా చూపిస్తే నాలుక చాపి తాకడమే అలుగుల ఇళ్ళలో మర్యాద. తాకకుండా ఊరుకుంటే, "ఏం, మేమంటే అంత లోకువా?" అని అడుగుతారు.

పొలుసమ్మకు ఒక్కగానొక్క కూతురు బుడిగి. "అమ్మా, ఇదెందుకు పుల్లగా ఉంది? అదెందుకు చల్లగా ఉంది?" అని పొద్దస్తమానం తల్లి తల తినేది. ఈ పిల్లకు చదువు అబ్బుతుందని పొలుసమ్మకు గంపెడాశ. తీసుకెళ్ళి అడవికోడి పుంజు మాస్టారి బడిలో వేసింది.

ఆ మాస్టారు చదువు చెప్పే తీరు ఒకటే. ఆయన కూస్తాడు, పిల్లలంతా తిరిగి కూయాలి. ఎందుకని మాత్రం అడగకూడదు.

మొదటిరోజు ఆయన వేపాకు చూపించి, "వేపాకు చేదు" అన్నాడు.

"వేపాకు చేదు" అన్నారు పిల్లలు. బుడిగి మాత్రం మర్యాదగా నాలుక చాపింది.

"నన్నే వెక్కిరిస్తావా? ఒంటికాలి మీద నిలబడు" అని మండిపడ్డాడు మాస్టారు.

రెండోరోజు రాయి చూపించి, "రాయి గట్టిది" అన్నాడు. బుడిగి నాలుక తాకించి, "ఇది ఉప్పగా కూడా ఉందండీ. ఎందుకండీ?" అంది. మంచి గురువైతే ఏం చేస్తాడు? "ఏదీ, అందరూ నాకి చూడండ్రా" అంటాడు. ఈయనగారు, "పాఠంలో ఉప్పు లేదు, నోరుముయ్" అన్నాడు.

ఆ సాయంత్రం పొలుసమ్మ బడికి వెళ్ళి బతిమాలింది. "మా పిల్లది పొగరు కాదు మాస్టారూ, అది మా ఇంటి పద్ధతి. మా కళ్ళు మా నాలుక మీదే ఉంటాయి."

"ఇది బడి, మీ చెదలపుట్ట కాదు" అన్నాడు పుంజు. "ఇక్కడ అందరికీ ఒకటే పద్ధతి."

చదువు చెప్పేవాడితో గొడవెందుకని పొలుసమ్మ కోపం దిగమింగుకుని వచ్చేసింది.

మూడోరోజు ఏం పాఠమో నాకనవసరం. బుడిగి అలవాటు చొప్పున మళ్ళీ నాలుక చాపింది. మాస్టారు ఒక తీగ తెంపి, ఆ పసిదాని మూతి చుట్టూ బిగించి కట్టేశాడు.

అలాగే ఇంటికొచ్చింది బుడిగి. ఎదురుగా చీమలబారు పోతున్నా తినలేక, ఏడవడానికి కూడా నోరు తెరవలేక నిలబడింది. పొలుసమ్మ గోళ్ళతో తీగ తెంచింది. నాలుకతో తడిమితే మూతి చుట్టూ వాచిన చార తగిలింది. ఆ తల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది. తెల్లవారగానే పిల్లను వెంటబెట్టుకుని బడి మీదికి పోయింది.

"ఇలా బయటికి రావయ్యా" అంది. "నువ్వు ముక్కుతో గింజలేరుకుంటావు. ఆ ముక్కు నేను కట్టేస్తే నీ గతేం కాను? నా బిడ్డకు తిండీ చదువూ ఆ నాలుకే. దాన్ని కట్టేసి చదువు చెబుతానంటావా? సిగ్గులేదూ?"

పుంజు నసిగాడు. "క్రమశిక్షణ కోసమమ్మా. మిగతా పిల్లలు చూడు, ఎంత బుద్ధిగా ఉన్నారో."

ఆ మాటకు వెనక కూర్చున్న జెర్రిపోతు పిల్ల తలెత్తింది. "బుద్ధి కాదండీ, భయం. నేనూ నాలుకతోనే తెలుసుకుంటాను. మీరేమంటారోనని, చేరిన్నాటి నుంచీ నోరు తెరవలేదు."

"నాకు అరిస్తేగానీ ఏది ఎక్కడుందో తెలీదండీ" అంది గబ్బిలం పిల్ల. "అరిస్తే కొడతారని ఊరుకుంటున్నా."

పుంజు తల వేలాడేశాడు. నిజంగానే సిగ్గుపడ్డాడు, ఆ మాట చెప్పకపోతే నాకే పాపం. మర్నాడు అడవంతా తిరిగి, తనకే పేరు తెలియని పండొకటి తెచ్చాడు. బుడిగి ముందు పెట్టి, "ఇదేమిటో నాకూ తెలీదు తల్లీ. నాలుకతో చూసి నువ్వే చెప్పు. నిన్నెవరూ ఏమీ అనరు" అన్నాడు మెత్తగా.

బడి బయట నిలబడ్డ పొలుసమ్మ గుమ్మం దాకా వచ్చి చెవి ఒగ్గింది.

బుడిగి పండు దగ్గరికైనా వెళ్ళలేదు. చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడింది. "మీరే చెప్పండి మాస్టారూ" అంది. "మీరేది చెబితే అదే అంటాను."

ఎంత బతిమాలినా అంతే. మాస్టారు కోరుకున్న శిష్యురాలు మాస్టారికి దక్కింది.

ఆ సాయంత్రం పొలుసమ్మ కూతుర్ని ఒక చీమలపుట్ట దగ్గరికి తీసుకెళ్ళింది. "తిను తల్లీ" అంది.

బుడిగి అటూ ఇటూ చూసింది. తర్వాత అమ్మను చాలా మెల్లగా అడిగింది.

"నాలుక బయటపెట్టొచ్చా అమ్మా?"

నీతి: పసివాళ్ళ నోరు కట్టడానికి ఒక్క పూట చాలు, కట్టు విప్పినంత మాత్రాన ఆ నోరు మళ్ళీ తెరుచుకోదు. ఏ ఇంటి బిడ్డ ఏ దారిన నేర్చుకుంటుందో ముందు కనుక్కోనివాడు బడి పెట్టకూడదు.