ఉప్పుముద్దల మీద జోరు గిట్ట

అనగనగా అన్నానని మరీ వెనక్కి వెళ్ళిపోకండర్రా. ఇది ముసలి తాబేళ్ళకి ఇంకా బాగా గుర్తున్న సంగతే. ఒక అడవిలో, కొండ కింద, వాగు ఒడ్డున ఒక బడి ఉండేది. అక్షరాల బడి కాదు, ఆటల బడి. అక్కడ నేర్పే ఆట ఒక్కటే, వెలక్కాయ ఆట. ఎండి రాయిలా గట్టిపడిన వెలక్కాయని కాలితో తన్నుకుంటూ పోయి, అవతలి జట్టువాళ్ళు పాతిన రెండు రాళ్ళ మధ్యనుంచి దాటించాలి. చెప్పుకోడానికి ఇంతే. ఆడితే తెలుస్తుంది, ఒళ్ళు హూనమైపోతుంది.

ఆ బడికి మాస్టారు ఒక తాబేలు. పేరు నింపాది మాస్టారు. ఆయన పరిగెత్తగా చూసినవాళ్ళు లేరు. అయినా పరుగు ఆయన నేర్పినట్టు ఇంకెవరూ నేర్పలేరు. ఎవరి కాలు ఎక్కడ తడబడుతుందో ఆయనకి కళ్ళు మూసుకున్నా తెలిసిపోయేది.

ఆ బడికి ఒక పద్ధతి ఉంది. రెండేళ్ళు ఆట నేర్చుకున్నాక, ఇప్పపూలు రాలే రోజుల్లో, ఎగువకొండ జట్టునుంచి పిలుపు వస్తుంది. అడవి మొత్తానికీ పెద్ద జట్టు అదే. పిలుపు అందినవాళ్ళు వాగు దాటి కొండెక్కిపోతారు. ఇంకో ఏడాది ఇక్కడే ఉంటానంటే ఉండొచ్చు, ఎవరూ తోసెయ్యరు. కానీ మూడో ఏడు దాటితే మాత్రం బడిలో చోటు ఉండదు.

ఆ ఏడు పిలుపు ఇద్దరికి వచ్చింది. ఒకడు జోరు అనే దుప్పి. ఇంకొకర్తి చిటికె అనే కుందేలు. జోరు కుడికాలు చాచి తన్నాడంటే వెలక్కాయ ఎటు పోయిందో చూసేలోపే రాళ్ళు దాటిపోయేది. ఆ కాలికి సరిగ్గా అందేటట్టు వెలక్కాయని నెట్టేది చిటికె. చప్పట్లన్నీ జోరుకే పడేవి. చిటికె అదేమీ పట్టించుకునేది కాదు.

"మనిద్దరం కలిసి వెళ్తున్నాం కదూ?" అని చిటికె సంబరపడిపోయింది. జోరుకి కూడా సంబరంగానే ఉంది. చిన్నప్పటినుంచీ వాడు కన్న కల అదేగా మరి. కాకపోతే ఎగువకొండలో మొదటి ఏడాది కొత్తవాళ్ళని ఆడనివ్వరు. మైదానం అంచున కూర్చోబెడతారు. పెద్దవాళ్ళ ఆట చూస్తూ, వాళ్ళు తన్నిన కాయలు ఏరుకొస్తూ నేర్చుకోవాలి. తినడానికి గడ్డి పెడతారు, అంతకుమించి ఏమీ ఉండదు. రెండో ఏడునుంచే ఆట.

సరిగ్గా అప్పుడే సూదయ్య వచ్చాడు.

సూదయ్య ముళ్ళపంది. ఉప్పునేల తవ్వి, ఉప్పుని బంకమట్టిలో కలిపి, ముద్దలు చేసి ఎండబెట్టి అమ్ముకుంటాడు. మేత మేసే జంతువులకి ఉప్పంటే ప్రాణం కదా. ఎండాకాలంలో నాక్కోడానికి ముద్ద దొరికితే పండగే. సూదయ్య చెడ్డవాడేం కాదు. మాట మెత్తన, బేరం గట్టి, అంతే. వాడు జోరు దగ్గర కూర్చుని నెమ్మదిగా సంగతి చెప్పాడు. తడి ఆరని ముద్ద మీద జోరు తన కుడిగిట్ట అద్దాలి. ఆ గుర్తు చూస్తే దిగువ అడవిలో ప్రతివాడూ కొంటాడు. ఈ ఉప్పు నాకితే జోరులాగా పరిగెడతామని మురిసిపోతాడు. బదులుగా జోరుకీ, వాడి మందకీ ఏడాది పొడుగునా నాక్కున్నంత ఉప్పు.

"మరి నేను ఎగువకొండకి వెళ్ళిపోతున్నానే?" అన్నాడు జోరు.

"వెళ్తే నాకెందుకు బాబూ నీ గిట్ట? నువ్వు ఇక్కడ వారం వారం ఆడుతుంటే చూస్తారు గనక కొంటారు. కొండమీద అంచున కూర్చున్నవాణ్ణి ఎవడు చూడొచ్చాడు? ఉంటే చెప్పు, వెళ్తే సంతోషం," అన్నాడు సూదయ్య. మాటలో కల్తీ లేదు, పాపం.

జోరు ఆ రోజంతా మేత ముట్టలేదు. సాయంత్రానికి ఉండిపోవాలని తేల్చుకున్నాడు. తేల్చుకోడం సుళువే. ఎందుకో చెప్పడమే కష్టమైంది.

మందలో పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళి, మీకోసమే ఉంటున్నానన్నాడు. ఎండల్లో అంత దూరం ఉప్పునేలకి నడిచే బాధ తప్పుతుందని వాళ్ళు మురిసిపోయారు. వాడి బాబాయి అయితే నలుగురిలో మెడ ఎత్తుకుని తిరిగాడు.

చిటికె దగ్గరికి వెళ్ళి, ఎడమకాలి దెబ్బ ఇంకా కుదరలేదు, అది నేర్చుకుని వస్తానన్నాడు. చిటికె చెవులు వాలిపోయాయి. అయినా వాడి మాట నమ్మింది. పైకి వెళ్ళాక నీ చోటు గురించి నేను చెబుతూ ఉంటానులే అని ఒక్కర్తీ వాగు దాటింది.

ఇక మిగిలింది మాస్టారు. ఆయన దగ్గర, మన బడి గెలవాలి కదా, అందుకే ఉంటున్నానన్నాడు.

నింపాది మాస్టారు తల బయటికి చాపి వాడి కళ్ళలోకి చూశారు. "నీకు ఇక్కడ నేర్చుకోడానికి ఏం మిగిలిందిరా?" అని అడిగారు.

"ఒక్క ఏడాదేగా మాస్టారూ," అన్నాడు జోరు.

అది ఆయన అడిగినదానికి జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. మాస్టారు ఇంకేదో అనబోయి ఊరుకున్నారు.

చూశారా, ముగ్గురికి మూడు మాటలు. ఒక్కటీ పూర్తి అబద్ధం కాదు, అదే చిక్కు. పూర్తి అబద్ధమైతే వాడి మనసే వాణ్ణి పట్టిచ్చేది. ఉప్పు తియ్యగా అనిపించింది. దానికంటే, తన పేరే తెలియనివాళ్ళ మధ్య ఏడాదిపాటు అంచున కూర్చోవాలంటే భయం వేసింది. ఆ మాట జోరు ఎవరికీ చెప్పలేదు, తనకి తాను కూడా చెప్పుకోలేదు.

మొదట్లో అంతా భోగంగానే ఉంది. దిగువ అడవిలో ఎక్కడ చూసినా జోరు గిట్టే. దున్నలు, కొండముచ్చులు, ఆఖరికి ఉప్పు నాకని ఉడతలు కూడా ఒక ముద్ద ఇంట్లో పెట్టుకున్నాయి. జోరు దారిన పోతుంటే పిల్లలు వెంటపడేవాళ్ళు. వాడి నడకలో కూడా కొంచెం తేడా వచ్చింది. మీరు చూసుంటే మీకు నవ్వొచ్చేది.

కానీ ముద్దలు అద్దడానికి పొద్దున్నే వెళ్ళాలి. ఎండ ముదిరితే మట్టి బిగుసుకుపోతుంది, గుర్తు పడదు. మాస్టారు సాధన చేయించేది కూడా పొద్దున్నే. మొదట్లో కాస్త ఆలస్యంగా వచ్చేవాడు. తరవాత సాధన సగమయ్యాక వచ్చేవాడు. ఆ తరవాత కొన్ని రోజులు అసలు రాలేదు. ఎడమకాలి దెబ్బ ఊసే మర్చిపోయాడు.

అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. దుప్పులకి పుట్టిన నాడే తల్లులు ఒక మాట చెబుతారు. ఉప్పుమట్టిలో నిలబడకు, నాకి వెంటనే గట్టెక్కు. ఎందుకంటే ఉప్పు కలిసిన తడిమట్టిలో నానితే గిట్ట మెత్తబడుతుంది. మెత్తబడ్డ గిట్ట ఎండకి ఆరితే బీటలు వారుతుంది. మందలో దుప్పి కూనకి కూడా తెలుసు ఈ సంగతి. జోరుకీ తెలుసు. నేనేమీ నిలబడ్డం లేదుగా, ఇలా అద్ది అలా తీసేస్తున్నానుగా అనుకున్నాడు. ఇలా అద్ది అలా తీసిందే రోజుకి వందసార్లయితే, నిలబడ్డానికీ దానికీ తేడా ఏముంది చెప్పండి?

వానలు తగ్గుముఖం పట్టేసరికి కుడిగిట్టలో కొత్తగా సన్నని చీలిక కనిపించింది. జోరు దానికి బురద పూసి దాచాడు. చలి ముదిరేసరికి చీలిక పైకి పాకింది. అప్పుడైనా మాస్టారికి చూపించాల్సింది. చూపిస్తే కాలు నయమయ్యేదాకా ముద్దలు అద్దొద్దంటారు. ముద్దలు మానేస్తే మందకి ఉప్పు పోతుంది, బాబాయి మెడ దిగిపోతుంది. ఇన్ని ఆలోచించి మళ్ళీ బురద పూశాడు.

ఒకరోజు సూదయ్య ముద్దలు చూసి మొహం చిట్లించాడు. గిట్ట గుర్తులో కొత్తగా ఇంకో గీత పడుతోంది, కొనేవాళ్ళు అడుగుతున్నారు అన్నాడు. నాలుగు రోజులు చూశాడు. ఐదో రోజు జోరు వెళ్ళేసరికి, పక్క ఆటల బడి అయిన రెల్లుబడిలో కొత్తగా పేరు తెచ్చుకుంటున్న ఒక కొండమేక అక్కడ నిలబడి ముద్దలు అద్దుతోంది.

"ఏమనుకోకు బాబూ," అన్నాడు సూదయ్య. "నేను నీ గిట్ట కొన్నాను గానీ నిన్ను కొనలేదుగా."

సూదయ్య తిడితే బాగుండేదేమో, జోరు కనీసం తిరిగి తిట్టేవాడు. కానీ సూదయ్య నిజమే చెప్పాడు. జోరు వెనుదిరిగి వచ్చేశాడు.

ఏడాది చివరి ఆట రెల్లుబడితోనే పడింది. దిగువ అడవి అంతా కదిలొచ్చింది. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. ఆఖర్న వెలక్కాయ జోరు ముందుకొచ్చింది. ఎదురుగా రెండు రాళ్ళు, మధ్యలో అడ్డు ఎవరూ లేరు. వాడు వెయ్యిసార్లు కొట్టిన దెబ్బ. కుడికాలు చాచి తన్నాడు. గిట్ట నిలువునా పగిలింది. వెలక్కాయ పక్కకి దొర్లిపోయింది, వాడు కింద పడ్డాడు. బడి ఓడిపోయింది. ఎవరూ గేలి చెయ్యలేదు. అందరూ లేచి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు.

మళ్ళీ ఇప్పపూలు రాలాయి. ఈసారి జోరుకి పిలుపు రాలేదు. అయినా కుంటుకుంటూ కొండెక్కాడు. ఎగువకొండ జట్టుపెద్ద ఒక ముసలి అడవిదున్న. ఆయన వాణ్ణి చీదరించుకోలేదు. బండ చుట్టూ మూడుసార్లు పరిగెత్తి చూపించమన్నాడు. మొదటి చుట్టు పళ్ళ బిగువున అయింది. రెండో చుట్టులో బండ మీద రక్తం కనపడింది. మూడో చుట్టు ఆయనే వద్దన్నాడు.

"పోయినేడు నీకు చోటు ఉంచాం నాయనా. నువ్వొస్తావని వానలు పడేదాకా ఎవరికీ ఇవ్వలేదు. ఈ కాలు ఇక ఆటకి పనికిరాదు. వాన తగలకుండా చూసుకో," అన్నాడు.

జోరు తల వంచుకుని దిగబోతుంటే చిటికె పరిగెత్తుకుంటూ వచ్చింది. ఇప్పుడది ఆడే జట్టులో ఉంది. ఒళ్ళు గట్టిపడింది, చూపు నిలకడ పడింది. వాడి కాలు చూసి దగ్గరికి వచ్చి పక్కన నిలబడింది.

"ఏడాదంతా అంచున కూర్చోడం చాలా కష్టమైందా?" అని జోరే అడిగాడు. అవునని చెబితే బాగుండునని వాడి మనసులో ఎక్కడో ఉంది.

"లేదు జోరూ," అంది చిటికె. "మొదట్లో నా పేరు కూడా ఎవరికీ తెలీదు. బాగానే ఉండేది. ఎవరూ చూడరు గనక ఎన్నిసార్లయినా తప్పు తన్నొచ్చు. నువ్వుంటే ఇద్దరం కలిసి నవ్వుకునేవాళ్ళం, అదొక్కటే లోటు."

ఆ మాటకి జోరు గుండె కలుక్కుమంది. కాలు చీలినప్పుడు కూడా వాడికి అంత నొప్పి పుట్టలేదు. అంత భయపడి వాడు తప్పించుకున్నది, తీరా చూస్తే, భయపడాల్సినదే కాదు.

కొండ దిగి బడి దగ్గరికొచ్చాడు. మూడేళ్ళు అయిపోయాయి కాబట్టి అక్కడా వాడికి చోటు లేదు. వాగు ఒడ్డున మాస్టారు ఒక్కరే ఉన్నారు. జోరు ఆయన పక్కన కూలబడ్డాడు. కోపమో దుఃఖమో తెలియని గొంతుతో అడిగాడు.

"నన్నెందుకు ఆపలేదు మాస్టారూ? మీకు తెలుసు కదా, నేను నిజం చెప్పడం లేదని."

నింపాది మాస్టారు తల లోపలికి లాక్కోలేదు. లాక్కుంటే బాగుండునని ఆయనకి అనిపించే ఉంటుంది.

"తెలుసురా. ఒక్కసారి అడిగి ఊరుకున్నాను. నువ్వుంటే ఈ ఏడు మనం గెలుస్తామని నాకూ ఆశ పుట్టింది. మాస్టారుగా అడగాల్సింది అడిగేశానని సరిపెట్టుకున్నాను. నీకు సూదయ్య పెట్టింది ఉప్పు, నాకు నేను పెట్టుకున్నది ఆశ. తప్పు నీ ఒక్కడిదే కాదు నాయనా."

"మీరు గట్టిగా అడిగినా నేను అబద్ధమే చెప్పేవాణ్ణి మాస్టారూ," అన్నాడు జోరు. అని ఏడ్చాడు. దాచుకోకుండా, దుప్పి కూన ఏడ్చినట్టు ఏడ్చాడు. మాస్టారి కళ్ళు కూడా తడిశాయి.

కాసేపటికి పైన కొండమీద ఆట మొదలైంది. గాలి ఇటు తిరిగినప్పుడల్లా కేకలు కిందికి వినిపించాయి. ఏ కేక ఎందుకు పుట్టిందో జోరుకి చూడకుండానే తెలిసిపోతోంది. ఇదిగో కాయ ముందుకొచ్చింది, ఇదిగో ఎవరో కాలు చాచారు, ఇదిగో రాళ్ళు దాటింది. వాడు కుంటికాలు కడుపులోకి ముడుచుకుని, ఆట అయిపోయేదాకా అక్కడే కూర్చుని విన్నాడు.

నీతి: ఉండిపోవడం తప్పు కాదు, వెళ్ళిపోవడమూ తప్పు కాదు, ఎందుకు ఉంటున్నామో మన మనసుకే నిజం చెప్పుకోకపోవడం తప్పు.