గుమ్మానికి కొట్టిన మేకు

కరుణాకరం మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులేసుకుంటారు. టెలిఫోన్ల శాఖలో రిటైరయ్యాక పాలకొల్లులో తన ఇంటి వరండాలోనే కంప్యూటర్ల మరమ్మతు నేర్పేవారు. ఆయన శిష్యుల్లో హైమవతి ఒకతె. ఈ సంగతి నాకు చెప్పింది తనే. హైమ అబద్ధాలాడే మనిషైతే నాకీ గొడవే లేదు, నవ్వేసి ఊరుకుందును.

అప్పటికి వాళ్ళమ్మ పోయి నెల. పాఠం మధ్యలో ఉన్నట్టుండి అడిగిందట, "మాస్టారూ, మనిషి పోయాక మనతో ముడి ఎప్పుడు తెగిపోతుంది?" అని. మాస్టారు లేచి చెప్పులేసుకున్నారు. "కోదండపాణి ఇంట్లో ఇంటర్నెట్ రావట్లేదుట. ఆ సంచి పట్టుకురామ్మా" అన్నారు.

కోదండపాణి, వాళ్ళన్న సీతాపతి ఒకే ఇంట్లో చెరో వాటాలో ఉండేవారు. ఫోను లైనూ, మోడెమూ అన్నగారి గదిలో. ఆయన కంప్యూటర్ నుంచి గుమ్మం చెక్క వెంబడి ఒక వైరు తమ్ముడి కంప్యూటర్‌కి వస్తుంది. అది నడుస్తుంటేనే దీనికి ఇంటర్నెట్. పెరటి గోడ దగ్గర మాటామాటా పెరిగి ఆరేళ్ళుగా ఇద్దరికీ పలకరింపుల్లేవు. ఆ వైరు మాత్రం ఆయనా పీకలేదు, ఈయనా పీకలేదు. పదిహేను రోజుల కిందట సీతాపతి ఆ గదిలోనే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. నక్షత్రం మంచిది కాదు, ఆరునెలలు గది మూసెయ్యమన్నాడు పురోహితుడు. లోపల ఉన్నవి ఉన్నట్టే తాళం వేసేశారు.

"నిన్నటిదాకా వచ్చింది మాస్టారూ! సాయంత్రం ఐదులోగా మా పిల్ల కాలేజీ ఆప్షన్లు పెట్టకపోతే దాని ఏడాది గంగలో కలిసినట్టే. ఇవాళ చూస్తే రావట్లేదు, బంద్ అని ఊళ్ళో నెట్ సెంటర్లన్నీ మూసేశారు" అన్నాడు కోదండపాణి.

మాస్టారు కూర్చుని, కీబోర్డు మీద నాలుగక్షరాలు కొట్టి ముందు అతని కంప్యూటర్‌నే పలకరించారు. పలికింది. తర్వాత అన్నగారి కంప్యూటర్‌ని పలకరించారు. బదులు లేదు. లేచి, వైరు మీద వేలుంచి గోడ వెంబడే నడిచి, తాళం వేసిన గుమ్మం దగ్గర ఆగారు. చెక్కలో కొత్త ఇనుప మేకు. సరిగ్గా వైరు మధ్యలోంచి దిగింది.

"ఇదెవరు కొట్టారు?"

"నేనే" అంది కోదండపాణి భార్య రత్నమాల. "ఏం చెయ్యమంటారు చెప్పండి! రోజూ రెండుపూటలా కరెంటు పోతుందా, ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆగిపోతాయి, ఈ తలుపు కింద వెలుగు మాత్రం పోదు. లోపల ఏదో గుయ్యిమంటూనే ఉంటుంది. గుమ్మానికి మేకు కొడితే బావగారు గది దాటి రారన్నారు. నిన్ననే కొట్టాను."

"వైరు మార్చాలి. రెండో కొస లోపలుంది" అన్నారు మాస్టారు. తాళంచెవి కోసం ఎవరూ కదల్లేదు. గోడ గడియారం నాలుగు కొట్టింది. కోదండపాణి కూతురి మొహం చూశాడు, వెళ్ళి తాళం తీశాడు.

కుర్చీ ఎవరో ఇప్పుడే లేచినట్టు కాస్త వెనక్కి జరిగి ఉంది. బల్ల కింద బ్యాటరీ పెట్టె ఉందేమోనని హైమ వంగి చూసింది. లేదు. తెర వెలుగుతోంది. దాని మీద ఇంగ్లీషులో ఒక ప్రశ్న. మీ కంప్యూటర్ ద్వారా ఇంకొకరు కనెక్టయి ఉన్నారు, ఆపేస్తే వారికి తెగిపోతుంది, ఆపమంటారా అని. కింద అవును, కాదు. గుండెల్లో నొప్పి మొదలై ఆపబోయిన సీతాపతి అది చదివి ఆగిపోయాడన్నమాట. పదిహేను రోజులుగా అది అలాగే అడుగుతోంది.

కోదండపాణి రెండుసార్లు చదివాడు. మౌసు పట్టుకుని ఉలిక్కిపడ్డాడు. "వెచ్చగా ఉంది మాస్టారూ" అన్నాడు. అతను "అన్నయ్యా" అన్నాడు, ఆరేళ్ళకి. అని భోరుమన్నాడు. ఆ ఏడుపులోనే "కాదు" మీద నొక్కాడు.

మేకు పీకి కొత్త వైరు లాగారు. నాలుగూ నలభైకి పిల్ల ఆప్షన్లు పెట్టేసింది.

దారిలో హైమ ఉండబట్టలేక అడిగింది. "రోజూ రెండుసార్లు కరెంటు పోతుంటే ఆ కంప్యూటర్ ఎలా ఆరిపోకుండా ఉంది మాస్టారూ?" ఇల్లు చేరాక, వరండాలో చెప్పులు విడుస్తూ అన్నారాయన.

"నువ్వడిగింది తెగేదెప్పుడని కదమ్మా. మేకు ఇటువైపు నుంచి కొట్టారు, చూశావుగా."