చుక్కడి మూపు మీద కాడి

అనగనగా, నాగలి అన్న మాటే ఇంకా పుట్టని రోజుల్లో, ఒక ఊళ్ళో పోలమ్మ, బయ్యన్న అని ఆలుమగలు ఉండేవాళ్ళటరా చిట్టీ. దుప్పటి తన్నకుండా పడుకో, చెబుతాను.

ఆ రోజుల్లో దున్నడం ఎవరికీ తెలీదు. తొలకరి పడగానే మొన చెక్కిన కర్రలు పట్టుకుని చేలోకి వెళ్ళేవాళ్ళు. కర్రతో గుంట పొడవడం, అందులో జొన్నగింజ వేయడం, కాలితో మట్టి కప్పడం. మళ్ళీ ఇంకో గుంట. అలా నడుములు పడిపోయేవి. ఇంతలో ఎండ కాసి నేల గట్టిపడేది. మిగిలిన విత్తనం కుండలోనే ఉండిపోయేది.

ఆ ఏడు తొలకరి నాడే బయ్యన్న జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. చేనంతా పోలమ్మ ఒక్కదాని మీద పడింది. తడి ఆరేలోగా విత్తకపోతే వచ్చే ఏడు పిల్లలకి గంజి కూడా ఉండదు. ఇరుగుపొరుగు వాళ్ళేమో, ఎందుకమ్మా ఈ పాట్లు, ఆ విత్తనాలు వండేస్తే పిల్లలు ఇవాళైనా కడుపునిండా తింటారు కదా అన్నారు. పోలమ్మ విత్తనాల కుండ మీద మూత గట్టిగా నొక్కింది.

ఆ తర్వాత పొయ్యిలోకి కట్టెలు లేక అడవికి వెళ్ళి, విరిగిపడ్డ కొమ్మ ఒకటి ఈడ్చుకొచ్చింది. దారిలో వెనక్కి తిరిగి చూసింది. ఆ కొమ్మకి కొక్కెంలా వంగిన కొన ఉంది. అది మెత్తటి నేలని చీల్చుకుంటూ వచ్చింది. తను నడిచినంత మేరా గాడి పడింది. కర్రతో రోజంతా పొడిచినా అంత నేల తెగదు. పోలమ్మకి కట్టెల సంగతే గుర్తులేదు, కొమ్మని నేరుగా చేలోకి లాక్కెళ్ళింది.

మొదట తాడు తన నడుముకే కట్టుకుంది. కూతురు వెనకనుంచి కొమ్మని అదిమి పట్టుకుంది. నాలుగడుగులు లాగేసరికి పోలమ్మ కూలబడిపోయింది.

అప్పుడు ఇంట్లో ఉన్న ఎద్దు గుర్తొచ్చింది. నుదుటి మీద తెల్లచుక్క ఉంటుందని దాన్ని చుక్కడు అనేవాళ్ళు. కానీ పశువు చేలో కాలు పెట్టకూడదని ఆ ఊరి కట్టుబాటు. తొక్కి పాడుచేస్తుందని భయం. అయినా పోలమ్మ తోలుకొచ్చింది. గట్టు మీద జనం చేరి, దీనికి మతి పోయింది అని నవ్వుకున్నారు. ఆవిడ తాడు చుక్కడి మెడకి కట్టింది. అది పాపం కాస్త దూరం లాగింది. ఆ తర్వాత తాడు బిగిసి, ఊపిరాడక మోకాళ్ళ మీద పడిపోయింది. పోలమ్మ గబగబా తాడు విప్పి, దాని మెడ కావిలించుకుని ఏడ్చింది. గట్టు మీద వాళ్ళు మేం చెప్పలేదా అని వెళ్ళిపోయారు.

ఎద్దుని తోలుకుని ఇంటికొచ్చి మొగుడికి అంతా చెప్పింది. బయ్యన్న మంచాన పడ్డప్పటినుంచీ, నేనెందుకు పనికొస్తానని కుమిలిపోతున్నాడు. చుక్కడి మెడ మీద ఒరిపిడి చూడగానే అతని చెయ్యి తన భుజం మీదికి పోయింది. ఏళ్ళ తరబడి కావడితో నీళ్ళు మోసి అక్కడ కాయ కాసింది.

"పోలీ, నేను కావడి మెడకి కట్టుకుంటానా? భుజాన ఆనించుకుంటాను. వాడికి దేవుడు అంత మూపురం ఇచ్చాడు కదే, దాని ముందు ఒక దుంగ ఆనించి, తాళ్ళు ఆ దుంగకి కట్టు."

అలా అని, మంచం మీదే కూర్చుని ఒక దుంగని నున్నగా చెక్కాడు. అదేరా కాడి. మర్నాడు పోలమ్మ దాన్ని చుక్కడి మూపు మీద పెట్టి, దాని రెండు కొసలనుంచి కొమ్మకి తాళ్ళు కట్టింది. చుక్కడు ఒకసారి తల విదిలించి, నడక మొదలుపెట్టింది. వెనకాల నల్లమన్ను విచ్చుకుంది. ఆ వంకర కొమ్మేరా తొలి నాగలి. తడి ఆరేలోగా కుండ ఖాళీ అయింది. నవ్విన వాళ్ళంతా వంకర కొమ్మల కోసం అడవికి పరిగెత్తారు.

పంట ఇంటికొచ్చిన రోజు పోలమ్మ కొత్త జొన్నలతో సంగటి వండింది. పిల్లలు చుట్టూ చేరారు. బయ్యన్న కుంటుకుంటూ వచ్చి, మొదటి ముద్ద తీసుకుని చుక్కడి నోట్లో పెట్టాడు. మెడ మీద మానిపోయిన ఒరిపిడిని నిమిరి, "ముందు నువ్వు తినరా, ఆ తర్వాతే మేము" అన్నాడు.

మీ తాతయ్యా అంతేరా. ఏరువాక నాడు ఎద్దులకి పెట్టందే మెతుకు ముట్టేవాడు కాదు. ఇప్పుడు ట్రాక్టరుకి ఏం పెడతాం, పసుపూ కుంకుమా పెట్టి దండం పెడుతున్నాం. నువ్వు మాత్రం సంగటి అంటే మూతి ముడుస్తావు. రేపు చూస్తాలే నీ సంగతి.

నాగలి చావిట్లోకి, చుక్కడు గడ్డిలోకి,
కథేమో కంచికి, మనమేమో ఇంటికి,
మా చిట్టి కళ్ళు చల్లని నిద్రకి.