సర్వప్పా? తపాలచెక్కా?

గోదావరి దగ్గరి ఒక బొగ్గుగని కాలనీలో, నవ్వి పలకరించినవాళ్లను కూడా దీని వెనక ఏముందోనని ఆరా తీసే సరోజన అనే ఇల్లాలు ఉండేది. పాలవాడు ఒక చుక్క ఎక్కువ పోస్తే, నిన్న నీళ్లు కలిపి ఉంటాడని అనుకునేది. భర్త కొమురయ్య డ్యూటీ దిగి ఈల వేసుకుంటూ వస్తే, ఎందుకంత హుషారని గుమ్మంలోనే నిలబెట్టి అడిగేది. ఆయన పాపం ఈల వేయడమే మానేశాడు.

అలాంటి సరోజనకు కూడా ఒక స్నేహితురాలు ఉండేది. పక్క క్వార్టరు యశోద. సరోజనది కరీంనగర్ వైపు, యశోదది నల్గొండ వైపు. ఇద్దరికీ ఒకే వంటంటే ప్రాణం. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు, వెల్లుల్లి, కారం వేసి కలిపి, లోతు గిన్నెలో అడుగంతా పరిచినట్టు ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, వాటిలో నూనె పోసి, సన్నటి మంట మీద కాల్చే రొట్టె అది. సరోజన దాన్ని సర్వప్ప అనేది. యశోద తపాలచెక్క అనేది.

గొడవ పేరుతో ఆగేది కాదు. పళ్లెంలో ఎలా పెట్టాలన్నది ఇంకో గొడవ.

"ఎర్రగ కాలిన దిక్కు పైకుండాలె. లేకుంటె ఆవిరికి మెత్తబడతది. పక్కన గడ్డపెరుగు ఉండాలె" అనేది సరోజన.

"బొక్కలు కనబడకుంటె అది తపాలచెక్క ఎట్లయితది వదినె? వేడి చాయ్‌తోని తినాలె గని, జరమొచ్చినోళ్ల లెక్క పెరుగేంది?" అనేది యశోద.

ప్రతి శుక్రవారం సాయంత్రం రెండిళ్ల నడిమి గోడకు అటొకరు ఇటొకరు నిలబడి ఇలా వాదించుకునేవాళ్లు. ఒకరి పళ్లెం ఒకరికి అందించుకుంటూనే తిట్టుకునేవాళ్లు. ఓడినవాళ్లు లేరు, గెలిచినవాళ్లు లేరు. వారమంతా వాళ్లనూ వీళ్లనూ శంకిస్తూ గడిపే సరోజన మనసారా నవ్వేది ఆ గోడ దగ్గరే. అది పోతే ఆవిడకు మిగిలేది ఏమీ లేదు.

కార్తీకమాసం వచ్చింది. వీధివాళ్లంతా వనభోజనాలకు మామిడితోటకు పోదామనుకున్నారు. "మీ ఇద్దరి పంచాయితీ ఇన్నేండ్లాయె, ఈసారి తెంపుదాం" అన్నది ఎదురింటి అంజమ్మ. "ఇద్దరూ చెయ్యుండ్రి. తిన్నోళ్లు ఏది బాగుందంటే మన గల్లీల దానికి ఆ పేరే ఖాయం."

యశోద పకపకా నవ్వి సరేనంది. ఆ నవ్వే సరోజనకు పట్టుకుంది. ఓడిపోతానన్న బెంగ ఏమాత్రం లేకుండా అలా నవ్విందేమిటి?

అప్పటినుంచి యశోద ఏం చేసినా వింతగానే కనిపించింది. ఒకరోజు యశోద అంజమ్మతో ఏదో మెల్లగా చెబుతూ, సరోజనను చూడగానే మాట ఆపేసింది. ఇంకోరోజు, "నువ్వులు వేయించి వేస్తవా వదినె, పచ్చియేనా?" అని అడిగింది. ఇన్నేళ్లలో అడగనిది ఇప్పుడెందుకు? శుక్రవారం గోడ దగ్గరికి వచ్చి కూడా, "తోటల చూసుకుందాం తియ్యి" అంటూ వాదించకుండానే వెళ్లిపోయింది.

"దాని మనసుల ఏదో ఉన్నది" అన్నది సరోజన భర్తతో.

"ఏముంటది? పిండే ఉంటది" అన్నాడు కొమురయ్య.

"నువ్వు గూడ ఆమె దిక్కేనా?" అని ఆవిడ ఆ రోజు నుంచి ఆయన మీద కూడా ఓ కన్నేసి ఉంచింది.

వనభోజనాల నాడు తోటలో రెండు రాళ్లపొయ్యిలు పెట్టారు. ఇద్దరూ పిండి కలుపుకొని, బేసిన్ల మీద బట్టలు కప్పి చెట్టునీడన పెట్టారు. బేసిన్లు కూడా ఒకే కొట్లో కొన్నవి, చూడటానికి తేడా లేదు. సరోజన పుల్లలు ఏరుకొని వచ్చేసరికి, యశోద సరోజన బేసిన్ మీదికి వంగి ఉంది. చప్పున బట్ట కప్పి, తడి వేళ్లు విదిలించుకుంటూ లేచింది. పక్కనే ఉప్పుడబ్బా మూత తీసి ఉంది.

సరోజన అక్కడికక్కడే లెక్క కట్టేసింది. నా పిండిలో ఉప్పు పోసింది! అందరి ముందూ నా పరువు తీయాలనుకుంది! అందుకా ఆ నవ్వు, ఆ గుసగుసలు!

చిటికెడు పిండి నోట్లో వేసుకొని చూసి ఉంటే అక్కడితో సరిపోయేది. కానీ అనుమానం పట్టినవాళ్లకు అంత తీరిక ఎక్కడిది? యశోద గిన్నె కడగడానికి బోరింగు దగ్గరికి వెళ్లగానే, సరోజన అటూ ఇటూ చూసి రెండు బేసిన్లనూ మార్చేసింది. ఆమె ఉప్పు ఆమెకే ముట్టనీ అనుకుంది.

యశోద వచ్చి పిండిలో చెయ్యి పెట్టింది. ఒక్క క్షణం ఆగింది. బేసిన్‌లోకి చూసి, సరోజన వైపు చూసింది. సరోజన మొహం తిప్పుకొని పొయ్యి ఊదింది. యశోద చిన్నగా నవ్వుకొని రొట్టె ఒత్తడం మొదలుపెట్టింది.

కాసేపటికి తోటంతా వెల్లుల్లి వాసన గుప్పుమంది. సరోజన ఎర్రటి వైపు పైకి పెట్టి పెరుగుతో వడ్డించింది. యశోద బొక్కల వైపు పైకి పెట్టి చాయ్‌తో ఇచ్చింది. సరోజన మాత్రం యశోద పళ్లాలు అందుకున్నవాళ్ల మొహాలే చూస్తూ కూర్చుంది. ఎవరో ఒకరు థూ అని ఉమ్మేస్తారు కదా!

ఎవరూ ఉమ్మలేదు. "సర్వప్ప అంటే గిది! నల్గొండోళ్ల చేతికి ఈ రుచి జన్మల రాదు" అన్నాడు కరీంనగర్ వైపు పెద్దాయన ఒకరు, యశోద కలిపిన పిండి తింటూ. "తపాలచెక్క అంటే గిట్లుండాలె" అని సరోజన కలిపిన పిండి తింటూ లొట్టలు వేసింది ఒక నల్గొండావిడ. వీళ్లా తీర్పు చెప్పేది!

సరోజన ఉండబట్టలేక యశోద పళ్లెంలోంచి ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. ఉప్పు సరిగ్గా ఉంది. అచ్చం తను వేసినంతే ఉంది.

అప్పుడే యశోద నవ్వుతూ దగ్గరికి వచ్చింది. "వదినె, ముచ్చట చూసినవా? మన బేసిన్లు తారుమారైనయి! నువ్వు పిండి జర గట్టిగ కలుపుతవు గద, చెయ్యి పెట్టంగనే నాకు సమజైంది. చెప్తే నువ్వు పరేషాన్ అయితవని ఊకున్న."

అవునా అని తనూ నవ్వి ఉంటే అంతటితో పోయేది. కానీ సరోజనకు ఆ మాట కూడా ఎత్తిపొడుపులాగే వినిపించింది.

"నేనే మార్చిన్నని నలుగురి ముందట అంటున్నవా? మరి నువ్వు నా పిండిల ఉప్పు పొయ్యలేదా? నా కండ్లార చూసిన!" అని అరిచింది.

తినేవాళ్ల చేతులు ఆగిపోయాయి. యశోద మొహంలో నవ్వు పోయింది.

"ఉప్పా? ఎండ మీదికొచ్చి నీ పిండి ఆరుతుండె వదినె. ఒత్తేటప్పుడు పగులుతదని నీళ్లు చల్లి బట్ట తడిపి కప్పిన. ఆ ఉప్పు నా పిండిలకు తీసుకున్న."

"నీ సర్వప్పకు గడ్డపెరుగు లేకుంటె నువ్వు చిన్నబోతవని, తోడు పెట్టి తెమ్మని యశోదనే నాకు వారం ముందుగాల చెప్పింది. నీకు చెప్పొద్దన్నది" అన్నది అంజమ్మ.

సరోజన తల వంచుకుంది. యశోద ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"నేను ఉప్పు పోసిన్ననుకున్నవు, పోనీ. ఆ ఉప్పుపిండి ఇంతమంది తినాలె, నా పరువు పోవాలె అని తెచ్చి నా బేసిన్ జాగల పెట్టినవు. నేను చెయ్యని పని నువ్వు చేసినవు గద వదినె."

సిగ్గుతో సరోజన ఒళ్లంతా కాలిపోయింది.

మరుసటి శుక్రవారం ఆవిడ పొద్దున్నే పిండి కలిపింది. సాయంత్రం బొక్కల వైపు పైకి పెట్టి, పక్కన చాయ్ గ్లాసు పెట్టుకొని గోడ దగ్గరికి వెళ్లింది. "యశోదా, తప్పు నాదే. మనసుల పెట్టుకోకు" అన్నది.

"అయిపాయె తియ్యి వదినె" అంటూ యశోద పళ్లెం అందుకుంది.

సరోజనకు ప్రాణం లేచొచ్చింది. గొంతు సవరించుకొని, "ఇగో, పెరుగు లేకుంటె మాత్రం ఇది సర్వప్ప కాదు, చెప్తున్న!" అని కవ్వించింది.

"నువ్వెట్లంటె అట్లనే వదినె" అని మర్యాదగా చెప్పి, యశోద లోపలికి వెళ్లిపోయింది.

సరోజన చాలాసేపు అక్కడే నిలబడింది. ఒక్క ఎదురుమాట కోసం చెవులు రిక్కించింది. గోడ అవతల తలుపు గడియ పెట్టిన చప్పుడు మాత్రం వినిపించింది.

నీతి: ఎదుటివాళ్లు చేయని తప్పును అనుమానం మన చేత చేయిస్తుంది. అందుకే మనసులో శంక పుడితే ముందు నోరు తెరిచి అడగాలి, ఆ తర్వాతే చెయ్యి కదపాలి.