పుస్తకంలో ఆవచేను

గంగకు ఎగువన ఒకానొక చిన్న రాజ్యాన్ని ప్రచండపాలుడు ఏలేవాడు. రాజ్యం చిన్నదైనా మీసం పెద్దది. ఆయన తన రాజ్యం గురించి ఒక మహాగ్రంథం రాయించాడు. నదులెక్కడ, ఊళ్లెక్కడ, ఎవరేం పండిస్తారు, అన్నీ అందులో ఉన్నాయి. రాసిన దేవదత్త మిశ్రుడు పదేళ్లలో ఒక్కసారీ కోట గుమ్మం దాటలేదు. పాపం, ఆయనకు ఎండ పడదు.

ఆ యేటి వరదకు చాందనీ నది దారి మార్చుకుంది. ఉత్తరపు ఒడ్డునున్న ధోల్‌పురా నీటిపాలైంది. ఊరివాళ్లకిది అలవాటే. గుడిసెల కప్పులు విప్పి నెత్తిన పెట్టుకుని, నది కొత్తగా వదిలిన దక్షిణపు ఇసుకమేట మీద దిగి, కర్బూజా పాదులు పెట్టుకున్నారు. ఏడాది తిండి ఆ పాదుల మీదే.

మిశ్రుడు సభలో గగ్గోలు పెట్టాడు. "ప్రభూ! దక్షిణపు ఒడ్డున మనుషులే లేరని గ్రంథంలో ఉంది. వీళ్లు దాన్ని అబద్ధం చేస్తున్నారు!"

"నా గ్రంథం అబద్ధమా? రేపే పాదులు పీకించి, గ్రంథంలో ఉన్న చోటికే వాళ్లను తోలండి!"

ఊరిపెద్ద సుఖియా కాళ్లమీద పడ్డాడు. "మహారాజా, అక్కడిప్పుడు ఏరు పారుతోంది. పాదులు పూత మీదున్నాయి, కడుపు కొట్టకండి."

రాజు మీసం మెలేశాడు తప్ప వినలేదు.

అప్పుడు విదూషకుడు ఝబ్బూలాల్ లేచాడు. "గ్రంథం ఎలా తప్పుతుంది ప్రభూ? కాకపోతే వీళ్లకొక ఆచారముంది. కొత్తచోట దిగేముందు నేల యజమాని తాడు పట్టుకుని ముందు నడవాలి. రెండో కొస పట్టుకుని వీళ్లు వెనక నడుస్తారు."

"యజమానిని నేనే కదా. నడుస్తాను!"

మర్నాడు రాజు తాడు పట్టుకున్నాడు. ఝబ్బూలాల్ ఉత్తరపు ఒడ్డున మామిడితోపు దగ్గర నిలబడి గ్రంథం తెరిచాడు. "ధోల్‌పురా, మామిడితోపు నుంచి దక్షిణంగా మూడువందల అడుగులు. దయచేయండి ప్రభూ."

మోకాళ్లు మునిగాయి. నడుం మునిగింది.

"ఒరేయ్, నీళ్లురా!"

"కాదు ప్రభూ. నలభయ్యో పుట ప్రకారం మీరున్నది ఆవచేను."

"మెడదాకా వచ్చిందిరా!"

"పంట ఏపుగా ఉంది ప్రభూ. ఊరు ఇంకా నూటపది అడుగులే."

మీసం మునిగింది. "ఆవచేను కాదు, ఏరే! గ్రంథం తప్పు! లాగండ్రా!"

తాడు రెండో కొస పట్టుకున్న సుఖియా మనుషులు ఆయన్ను ఒడ్డుకు లాగారు. రాజు మీసం పిండుకుంటూ ఝబ్బూలాల్‌ను ఉరిమి చూశాడు. చూస్తూ చూస్తూ పగలబడి నవ్వాడు.

పాదుల జోలికి ఎవరూ వెళ్లలేదు. రాజు తన కంకణం తీసి ఝబ్బూలాల్ చేతికి తొడిగాడు. వచ్చే వరదకు నెత్తిన కప్పు మొయ్యడానికి మిశ్రుణ్ణి ఇసుకమేటకు పంపాడు.

"కొత్త గ్రంథం నువ్వే రాయి," అన్నాడు రాజు.

ఝబ్బూలాల్ అక్కడే కూర్చుని మొదటి వాక్యం రాశాడు: "ఇందులో ఉన్నదంతా వచ్చే వరద దాకానే నిజం."